వెనక్కి తీసుకున్న సాక్ష్యం

చలికాలం ఉదయాల్లో కాలువ మీద మంచు పట్టినప్పుడు, పాలు పొయ్యి మీద పెట్టి నేనొక ఇంట్లో తిరిగొస్తుంటాను. ఆ ఇల్లు లేదు. ఎప్పుడూ కట్టలేదు. అయినా దాని మెట్లు ఎక్కడ మలుపు తిరుగుతాయో నాకు తెలుసు. మెట్ల పక్క గోడకి లేతాకుపచ్చ రంగు. పైన ఒక గది. ఆ గదిలో తూర్పు కిటికీ తోస్తే కడియం తోటలన్నీ మంచులో మునిగిపోయి, కొబ్బరి తలలు మాత్రం పైకి తేలుతూ కనిపిస్తాయి. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అక్కడే ఉండిపోతాను.

"మళ్లీ మేడెక్కావా?" అంటారు మా ఆయన, పెరట్లో పళ్లు తోముకుంటూనే మాడు వాసన పట్టేసి.

"ఎక్కాను. అయితే ఏంటంట? మిమ్మల్ని అద్దె అడిగానా?" అంటాను.

ఆయన నవ్వుకుంటారు. ఆ మేడ పోయింది ఆయన నోటిమాట వల్లేనని నేనంటాను. కాదు, చివరి దెబ్బ నువ్వే కొట్టావని ఆయనంటారు. ఇద్దరం చెప్పేదీ నిజమే.

మా ఆయన ఇక్కడ ఒక పెద్ద నర్సరీలో సూపర్‌వైజరు. ఏ లారీకి ఏ మొక్కలెక్కాలో, ఏ ఊరి ఎండకి ఏది తట్టుకుంటుందో ఆయనే చూడాలి. నేను ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు చెబుతాను. రెండు గదుల అద్దె ఇల్లు. గట్టి వాన పడితే వంటింటి మూల ఒక గిన్నె పెట్టాలి. పెట్టేవాళ్లం, నిండితే పారబోసేవాళ్లం. దాని గురించి పెద్దగా ఆలోచించిన రోజులు కావవి.

ఇక మా వదిన. ఆవిడ మా ఆయనకి అక్క. వాళ్లమ్మ తొందరగా పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. తన పెళ్లయ్యాక కూడా వెంట తీసుకెళ్లింది. పిల్లల్లేరు. భర్త పోయాక, మా ఆయన పనిచేసే నర్సరీ కామందు గారి నేలలోనే, రోడ్డుకీ కాలువకీ మధ్య సన్నగా మిగిలిపోయిన ముక్కని కౌలుకి తీసుకుంది. అందులో చామంతి, మందారం, కనకాంబరం కొమ్మలు గుచ్చి, కవర్లలో పెంచి అమ్ముకుంటుంది. మొక్కల మధ్యలోనే రేకుల గది. పొద్దున్నే వెళితే మంచులో ఆవిడ కనిపించదు, పాట వినిపిస్తుంది. పాటంటే పాట కాదులెండి, శ్రుతి కాలువ అవతల, ఆవిడ ఇవతల. ఆ గొంతు వెంట పోతే చామంతి వరసల మధ్య ముసుగు కప్పుకుని నీళ్లు పోస్తూ ఉంటుంది.

అన్నం ముందు ఆవిడ ప్రార్థన ఎప్పుడూ ఒకటే. "చాలినంత ఇచ్చావు తండ్రీ, స్తోత్రం." కంచంలో పులస ముక్క ఉన్నా అంతే, ఉత్త గోంగూర పచ్చడే ఉన్నా అంతే. ఆదివారం నాడు మొక్కలమ్మదు. రాజమండ్రి నుంచి కార్లు వచ్చేది ఆదివారమే, అందరికీ బేరాలు ఆ రోజే. ఆవిడ మాత్రం దారికి అడ్డంగా ఒక కొబ్బరి తాడు కట్టి మందిరానికి బయలుదేరుతుంది.

"కార్లు ఆగి వెళ్లిపోతున్నాయి వదినా," అంటే, "పోనీ అమ్మాయ్. సోమవారం నాడు వాళ్లకి పూలు పూయవా ఏంటి?" అనేది.

ఇంకొకటి చెప్పాలి, ఆవిడ ఆమెన్. మా మందిరం కాలువ అవతల రేకుల కప్పు కింద ఉంటుంది. ఆడవాళ్లం ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఎవరు ప్రార్థన ముగించినా అందరి ఆమెన్ కంటే ముందు, అందరి ఆమెన్ కంటే పైన మా వదిన ఆమెన్ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. నేనైతే పెదాలు కదిలించి ఊరుకుంటాను. నాకు సిగ్గు. "అంత గట్టిగా అరవాలా వదినా? చెవులు చిల్లులు పడుతున్నాయి," అని ఇంటికొచ్చే దారిలో వారం వారం దెప్పేదాన్ని. "దేవుడికి వినపడాలి కదమ్మా," అనేది. "ఆయనకి చెవుడేం లేదండి" అనేదాన్ని. ఆవిడకి కోపం రాదు. కోపం తెప్పించాలని చూసిన నాకే వచ్చేది.

కామందు గారు చెడ్డాయన కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఒకరోజు సాయంత్రం లోడింగ్ అయ్యాక మా ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి అన్నారట. "రోడ్డు పక్కన కొత్త తోటొకటి పెడదామనుకుంటున్నానయ్యా. కార్లలో వచ్చేవాళ్లు దిగి, చూసి, కొనుక్కునేలా. నమ్మకస్తుడు కావాలి నాకు. జీతం కాదు, పావలా వాటా ఇస్తాను. అక్కడే నీకో మేడ కూడా కట్టిస్తాను, కాపురం ఉండి చూసుకో." ఏ చోటో చెప్పలేదు. మా ఆయన అడగలేదు. ఆనందంలో ఉన్నవాళ్లు అలాంటివి అడగరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయన చెప్పులు విప్పకుండానే చెప్పారు. నాకు ముందు కాళ్లు తేలిపోయాయి, తర్వాత ఇల్లు తేలిపోయింది. అయ్య బాబోయ్, ఎంత హాయిగా ఉందో! ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. క్లాసులో పిల్లలు గుణింతాలు చదువుతుంటే నేను మేడ మీద కర్టెన్లు కుడుతున్నాను. ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలి, నా కుట్టుమిషను ఏ కిటికీ దగ్గర, చుట్టాలొస్తే ఏ గది. చెక్క ఉయ్యాల ఒకటి. వాన పడుతుంటే ఆ ఉయ్యాల మీద కూర్చుని, గిన్నె పెట్టాల్సిన పనిలేకుండా వాన చూడటం. వానని ఊరికే చూడటం ఎంత పెద్ద సుఖమో గిన్నెలు పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

ప్రార్థన చేశాం. చేయలేదని కాదు. ఇద్దరం మోకాళ్లేసి, "నీ చిత్తమైతే ఇవ్వు ప్రభువా" అనే అడిగాం. కాని మోకాళ్ల మీద ఉన్నంతసేపూ మెట్లకి ఏ రాయి వేయించాలా అని నేను చూస్తూనే ఉన్నాను. ఆయన ఏం చూస్తున్నారో నేనడగలేదు.

మా మందిరంలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు పాస్టరు గారు "సాక్ష్యాలున్నవాళ్లు లేవండి" అంటారు. లేచినవాళ్లు దేవుడు తమకి చేసిన మేలు చెప్పాలి. జ్వరం తగ్గిందనీ, అబ్బాయికి ఉద్యోగమొచ్చిందనీ, స్థలం రిజిస్ట్రేషన్ అయిందనీ చెబుతారు. అందరూ చప్పట్లు కొడతారు. ఒకసారి అక్కడ లేచి చెప్పాక అది మనిషి సంగతి కాదు, దేవుడి సంగతి అయిపోతుంది. ఆ ఆదివారం మా ఆయన లేచారు. నాకు ముందు చెప్పలేదు, ఇస్త్రీ చొక్కా చూసి అయినా అనుమానించాల్సింది.

"ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలండి," అని మొదలుపెట్టి, వాటా సంగతీ మేడ సంగతీ చెప్పి, "దేవుడే నాకీ తోట ఇచ్చాడండి, ఆయనకే మహిమ," అని ముగించారు. చప్పట్లు మోగకముందే మా వదిన ఆమెన్ మోగింది. ఆ రోజు రేకులు కూడా అదిరాయి. ముసుగు చెంగుతో కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. మట్టి పనికి గరుకెక్కిన చెయ్యి. నేను కూడా ఏడ్చాను. నిజంగా సంతోషమేసింది.

మర్నాడు కామందు గారు మా ఆయన్ని చోటు చూపించడానికి తీసుకెళ్లారు. రోడ్డు వెంట నడిచి నడిచి, వదిన కొబ్బరి తాడు కట్టే దారి మొదట్లో ఆగారు. రోడ్డు ముఖం, వెనక కాలువ, నీళ్లకి నీళ్లు, కార్లు ఆపడానికి చోటు. వేరే ఎక్కడైనా ఎందుకు చూస్తారు?

"మీ అక్కగారే కదా. నువ్వు చెబితే వింటారు," అన్నారట కామందు గారు. "ఊరికే పొమ్మనట్లేదయ్యా. వెనక పల్లంలో అంతే నేల ఇస్తాను, అదే కౌలుకి."

వెనక పల్లం సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. శ్రావణంలో నిలిచిన నీళ్లు దీపావళికి గానీ తియ్యవు. అందులో మందారాలు ఎలాగోలా బతుకుతాయేమో, చామంతి మాత్రం వేరు కుళ్లి చస్తుంది. రోడ్డు మీద పోయే మనిషికి అక్కడ మొక్కలున్నట్టు కూడా తెలియదు. మా ఆయన ఇంటికొచ్చి అన్నం కలిపి అలాగే కూర్చున్నారు.

"వెనక చోటు ఇస్తున్నారుగా," అన్నాను నేను.

"ఆయ్. ఇస్తున్నారు."

"మట్టి తోలించి ఎత్తు చేద్దాం. మన వాటాలోంచి ఆవిడకి నెలనెలా ఇద్దాం. ఏం, మనం చూడమా ఏంటి?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అయినా పరాయివాళ్లొచ్చి లాక్కుంటే బాగుంటుందా? మనమైతే ఇంట్లోనే ఉంటుంది కదా."

ఆయన నా మొహం చూడలేదు. "అక్కకి చెప్పొస్తాను," అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. పాపం, ఆయనకిష్టమైన చేపల పులుసు ఆ పూట.

కాసేపు ఆగి నేనూ వెళ్లాను. మాట ఎక్కువైతే సర్దుదామని, ఆవిడ ఏడిస్తే ఓదార్చాలని, మనసులో మాటలు పేర్చుకుంటూ గట్టు మీద నడిచాను. తీరా వెళితే వదిన మొక్కల కవర్లు తట్టలో సర్దుతోంది. కామందు గారి మనిషి అప్పటికే వచ్చి చెప్పి వెళ్లాడట. మా ఆయన పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు.

"అక్కా, నీకిష్టం లేకపోతే చెప్పవే. నేను..."

"ఇష్టం లేకపోవడమేంట్రా?" అంది ఆవిడ తట్ట నెత్తికెత్తుకుంటూ. "దేవుడే ఇచ్చాడని నిన్న నువ్వే లేచి చెప్పావు. నేను ఆమెన్ అన్నాను. ఇప్పుడాయన ఇచ్చినదానికి అడ్డం పడతానా? తప్పుకో, దారివ్వు."

ఒక్క మాట ఎత్తిపొడుపు లేదు అందులో. నాకు బాగా తెలుసు, ఎత్తిపొడుపులు నా సొత్తు, ఎక్కడున్నా వాసన పట్టేస్తాను. ఆవిడ నిజంగానే నమ్మింది. తన తిండి తనే తట్టలో పెట్టుకుని తీసుకుపోతోంది, అదీ స్తోత్రం చెబుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టొచ్చు కదా మమ్మల్ని! నాలుగు తిడితే మట్టి తోలిస్తామని చెప్పి, సర్ది, ఇంటికిపోయి పడుకునేదాన్ని.

ఆ వారమంతా స్కూలయ్యాక వెళ్లి కవర్లు మోయడానికి సాయం చేశాను. సాయంత్రపు ఎండ కాలువ మీద పసుపు రాసినట్టుండేది. ముందు ఆవిడ, వెనక నేను, తట్టల్లో పూల మొక్కలు తలలూపుతూ వచ్చేవి. అదంతా నాకు నిద్రలో నడిచినట్టే ఉండేది. పల్లంలో అడుగుపెడితే మాత్రం చెప్పు దిగబడి మెలకువ వచ్చేది.

ఒక సాయంత్రం ఖాళీ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంటూ వదిన అడిగింది. "మేడ మీద గదికి కిటికీ ఎటు పెట్టిస్తున్నావమ్మాయ్?"

"తూర్పుకండి."

"కాలువ వైపు కూడా ఒకటి పెట్టించు. ముసలితనంలో అక్కడ కూర్చుని ఈ నీళ్లు చూసుకుంటాను. పనిలేనప్పుడు నీకు పూలు కట్టిపెడతా."

"అలాగే వదినా," అన్నాను. అని, అలవాటుగా ఆ ఇంట్లోకి వెళ్లాను. మెట్లెక్కాను. పైగది చూశాను, కింద హాలు చూశాను, వంటిల్లు, కుట్టుమిషను, ఉయ్యాల, చుట్టాల గది, అన్నీ చూశాను. ఎన్ని రోజుల నుంచో కడుతున్నాను ఆ ఇంటిని. ఎవరెవరో చుట్టాలొచ్చి పడుకుని వెళ్లిపోయారు అందులో. వదినకి మంచం ఎక్కడా వేయలేదు నేను. మర్చిపోయానని కూడా కాదు. ఆ ఇంట్లో ఆవిడ పాట వినిపించలేదు, ఆవిడ లేకుండానే అది నాకు నిండుగా అనిపించింది. భయమేసింది నాకు. ఉత్త భయం.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ మా ఆయనతో అన్నాను. "ఏవండీ, ఆ ఇంట్లో మీ అక్కకి గది లేదు."

"ఏ ఇంట్లో?"

"మనం కట్టే ఇంట్లో."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. తర్వాత, "పునాదే ఆవిడ మీద వేస్తున్నాం, ఇంక గదెక్కడ?" అన్నారు. నేను బియ్యం కడుగుతూనే ఉన్నాను. నీళ్లు తేటపడ్డాక కూడా కడుగుతూనే ఉన్నాను.

శనివారం ఆయన కామందు గారి దగ్గరికి వెళ్లి వద్దని చెప్పేశారు. కామందు గారు "సరే. మీ అక్కగారి చోటు ఆవిడకే ఉండనీ. నేను రోడ్డవతల చూసుకుంటా, ఇంకొకరిని పెట్టుకుంటా. వాటా మాట మాత్రం ఇంక మన మధ్య రాకూడదు," అన్నారట. "ఆయ్, రాదండి," అన్నారట ఈయన. ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే నా గుండె కలుక్కుమంది. లేదని అబద్ధం చెప్పను. మంచి పని చేస్తే మనసు తేలికవుతుందంటారు గానీ నాకేం తేలికవలేదు. ఎవరో ఉయ్యాల విప్పి పట్టుకుపోతున్నట్టే ఉంది.

సరే, అయిపోయింది కదా అని ఇద్దరం వదిన దగ్గరికి వెళ్లాం. "కవర్లు వెనక్కి తెచ్చేద్దాం అక్కా, కామందు గారితో చెప్పేశాను," అన్నారు ఈయన.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కామందు గారితో చెబితే సరిపోద్దా? మందిరంలో చెప్పావు. దేవుడి పేరు పెట్టి చెప్పావు. అది అక్కడే ఉంది కదరా. నేనిక్కడ కూర్చుని అమ్ముకుంటే, దేవుడు తమ్ముడికిచ్చింది అక్క తినేసినట్టు కాదా?" అని మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఎంత చెప్పినా వినలేదు. ఆ మనిషి మొండితనం మీకు తెలియదు.

ఆదివారం పాటలయ్యాయి. "సాక్ష్యాలున్నవాళ్లు లేవండి," అన్నారు పాస్టరు గారు. మా ఆయన లేచారు. అందరి మొహాలూ వెలిగాయి, మేడకి శంకుస్థాపన ఎప్పుడో చెబుతారనుకున్నారు.

"ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలండి," అన్నారు. అక్కడ ఆగిపోయారు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. "పోయిన ఆదివారం నేనొక సాక్ష్యం చెప్పానండి. అది వెనక్కి తీసుకుంటున్నాను. దేవుడు ఇచ్చింది కాదండి అది. నాకు కావాలనిపించింది. కావాలనిపించినదానికి ఆయన పేరు పెట్టాను. ఆ చోటు మా అక్కది. ఆశ నాది. అంతేనండి." అని నిలబడే ఉన్నారు, కూర్చోవడం మర్చిపోయి.

సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మా మందిరంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చప్పట్లు కొట్టాలో లేదో ఎవరికీ తెలియలేదు. పాస్టరు గారు మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "అంటే బ్రదర్, ప్రార్థన చేయమంటారా?" అన్నారు. మగవాళ్లు కిందికి చూస్తున్నారు. నేను వదిన వైపు చూశాను. ఎప్పుడూ అందరికంటే ముందు పలికే మనిషి ముసుగు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా బిగపట్టింది. ఎలా అంటుంది? తన చోటు తనకే వచ్చిన మాటకి తనే ఆమెన్ ఎలా చెప్పుకుంటుంది?

ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు. ఆ క్షణంలో నాకు మెట్లు కనిపించాయి, లేతాకుపచ్చ గోడ కనిపించింది, తూర్పు కిటికీలోంచి ఎండ పడుతున్న నున్నటి గచ్చు కనిపించింది. నోరు తెరిస్తే అది పోతుందని తెలుసు.

"ఆమెన్!" అన్నాను.

అనుకున్నదాని కంటే చాలా పెద్దగా వచ్చింది. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఎవరో నవ్వారు, ఆ తర్వాత ఒకరొకరే అందుకున్నారు. మా ఆయన అప్పుడు కూర్చున్నారు.

మందిరం నుంచి తిన్నగా పల్లానికే వెళ్లాం. వదిన తట్ట ఎత్తుకుంటే, "ఈ రోజు ఆదివారం కదా వదినా, పని చేయొచ్చా?" అని అడిగాను. "ఇంటికెళ్లడం పనేంటి?" అంది. తెల్లచీరల్లో ఇద్దరం, ఇస్త్రీ చొక్కాలో ఆయన, చామంతులు మోసుకుంటూ కాలువ గట్టు మీద నడుస్తున్నాం. కొన్ని అప్పటికే వేరు కుళ్లి వాలిపోయాయి, వాటిని కూడా తెచ్చుకుంది ఆవిడ. ముందు నడుస్తున్న వదిన వెనక్కి తిరక్కుండానే అంది.

"అంత గట్టిగా అరవాలా అమ్మాయ్? చెవులు చిల్లులు పడ్డాయి."